హంప్టా పాస్‌కు ఒక్క రోజులో వెళ్లి రావచ్చా? విశాఖ నుంచి వెళ్తున్న కుటుంబానికి సలహా కావాలి

గాజువాక_రమణ

సెప్టెంబరు చివరి వారంలో మా కుటుంబం మనాలీ వెళ్తోంది. నేను, నా భార్య, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి, మా బావమరిది, మొత్తం నలుగురం. నాకు 52 ఏళ్లు, బావమరిదికి 46. అతడు రక్తపోటుకు రోజూ మాత్ర వేసుకుంటాడు. అక్కడ మేము ఉండేది ఐదు రాత్రులు. హిడింబా ఆలయం, సోలాంగ్ లోయ ఎలాగూ చూస్తాము. వాటితోపాటు ఒక రోజంతా నడిచి, అసలైన హిమాలయ కనుమ మీద నిలబడి, అవతలి లోయను కళ్లారా చూసి రావాలన్నది నా చిరకాల కోరిక.

హంప్టా పాస్ గురించి అడిగితే ట్రెక్కింగ్ సంస్థలన్నీ నాలుగైదు రోజుల ప్యాకేజీలే చెబుతున్నాయి. పటంలో చూస్తే జోబ్రా దాకా కారు వెళ్తుంది, అక్కడి నుంచి కనుమకు సుమారు 14 కిలోమీటర్లు. ఆషాఢ పౌర్ణమికి మేము నలుగురం సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచి, మర్నాడు ఎవరి పనులకు వాళ్లం వెళ్లాము. అలాంటప్పుడు రానూపోనూ 28 కిలోమీటర్లు వేకువన బయలుదేరి చీకటి పడేలోగా నడవలేమా? సంస్థలు డబ్బు కోసం రోజులు పెంచుతున్నాయేమోనని నా అనుమానం. వెళ్లి వచ్చినవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

కంబాలకొండ_నడక

గిరిప్రదక్షిణలో తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టిన దగ్గర నుంచి అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, కంచరపాలెం, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా తిరిగి వచ్చేదాకా కాలి కింద తారు రోడ్డే. దారి పొడవునా మజ్జిగ, పులిహోర, మందుల శిబిరాలు ఉంటాయి. ఓపిక అయిపోతే ఆటో ఎక్కి ఇంటికి వెళ్లిపోవచ్చు. హంప్టా దారిలో ఈ మూడూ లేవు. కిలోమీటర్లు సరిపోయినంత మాత్రాన ఆ నడకా ఈ నడకా ఒకటి కావు.

సీతమ్మధార_సాహసి

అంత భయపెట్టనక్కర్లేదు. గొర్రెల మందలతో తిరిగే గద్దీ కాపరులకు అది తరతరాలుగా నడిచే దారి. స్థానిక గైడ్లు ఒక్క రోజులో దాటేస్తారు. నేనూ నా మిత్రుడూ జోబ్రాలో చీకటితో బయలుదేరి, కనుమ దాటి, సాయంత్రానికి అవతల ఛత్రూలో దిగాము. కాళ్లలో బలం, వెంట మంచి గైడ్ ఉంటే అసాధ్యమేమీ కాదు. రమణ గారి అబ్బాయి వయసువాడికి అసలే కాదు.

ఎత్తుపల్లాలు

సాహసి గారూ, ఒక్క ప్రశ్న. ఆ నడకకు ముందు మీరు ఎక్కడ ఉన్నారు?

సీతమ్మధార_సాహసి

స్పితిలో. రెండు వారాలకు పైగా కాజా, లాంగ్జా, చంద్రతాల్ తిరిగి మనాలీకి వచ్చాము.

ఎత్తుపల్లాలు

రమణ గారికి జవాబు అందులోనే ఉంది. కాజా 3,600 మీటర్ల పైన ఉంటుంది, లాంగ్జా అంతకంటే ఎత్తు. అక్కడ రెండు వారాలు నిద్రపోయి వచ్చిన శరీరం వేరు, గాజువాకలో సముద్రమట్టం దగ్గర నిద్రపోయి మూడో రోజు కొండ ఎక్కే శరీరం వేరు.

ఇప్పుడు దారి సంగతి వివరంగా రాస్తాను. జోబ్రా సుమారు 3,000 మీటర్ల ఎత్తులో ఉంది, హంప్టా కనుమ సుమారు 4,270 మీటర్లు. అంటే ఒక్క రోజులో దాదాపు 1,300 మీటర్లు ఎక్కి, అంతా దిగాలి. మన సింహాచలం మెట్లు అడుగు నుంచి గుడి దాకా ఎక్కితే మూడు వందల మీటర్లు కూడా ఉండదు. జోబ్రా నుంచి చికా అనే మజిలీ దాకా దేవదారు, భూర్జ వృక్షాల మధ్య హాయిగా సాగుతుంది. చికా దాటాక చెట్లు అయిపోతాయి. అక్కడి నుంచి బాలూ కా ఘేరా దాకా గడ్డి మైదానాలు, బండరాళ్ల గుట్టలు, వాటి మధ్య అడ్డంగా పారే మంచునీటి వాగులు. జ్వారా దగ్గర వాగులో బూట్లు విప్పి దిగాలి. నీళ్లు పిక్కల దాకానే ఉంటాయి, కానీ పది అడుగులు వేసేలోపు పాదాలు మొద్దుబారి, కింద ఉన్నది రాయో ఇసుకో తెలియదు. ఒకరి మోచేయి ఒకరు పట్టుకొని, ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి పక్కకు నడవాలి.

ఇక్కడే ఒక్క రోజు ప్రయాణానికి పెద్ద చిక్కు ఉంది. ఆ వాగుల్లో పారేది పైన కరిగిన మంచు. ఉదయం చలికి కరగడం తగ్గి నీరు తక్కువగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పెరుగుతుంది. మీరు వెళ్లేటప్పుడు సులువుగా దాటిన వాగునే, తిరిగి వచ్చేటప్పుడు, అంటే మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకు, అలసిన కాళ్లతో, పెరిగిన ప్రవాహంలో మళ్లీ దాటాలి. బాలూ కా ఘేరా దాటాక చివరి ఎక్కుడు నిటారుగా, రాళ్లతో ఉంటుంది. అక్కడ గంటకు కిలోమీటరు నడిచినా బాగా నడిచినట్టే. సంస్థలు అడిగే డబ్బు ఎక్కువా తక్కువా అన్నది వేరే విషయం, కానీ రోజులు పెంచింది మాత్రం ఊరికే కాదు. నిద్రపోయే ఎత్తును ఒక్కో రాత్రికి కొంచెం కొంచెంగా పెంచడానికే ఆ మజిలీలు.

ఊపిరి_వైద్యుడు

నేను విశాఖలోనే వైద్యం చేస్తున్నాను, కొండలు ఎక్కడం అలవాటు ఉంది. పైన రాసిన మాటలకు కొంత చేర్చాలి.

గాలిలో ప్రాణవాయువు వాటా ఆర్కే బీచ్‌లోనైనా హంప్టా మీదైనా 21 శాతమే. తగ్గేది వాయుపీడనం. 4,270 మీటర్ల దగ్గర పీడనం సముద్రతీరంలో ఉండేదానిలో సుమారు 60 శాతం. కాబట్టి ఒక్కో శ్వాసకు ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రాణవాయువు కూడా ఆ మేరకే ఉంటుంది. శరీరం దీనికి సర్దుకోగలదు, కానీ దానికి రాత్రులు పడుతుంది. వ్యాయామంతో కండరాలు గట్టిపడతాయి, గుండె గట్టిపడుతుంది, కానీ ఎత్తు జబ్బు రాకుండా ఆపే రక్షణ వ్యాయామం వల్ల రాదు. వయసులో ఉన్న, దిట్టంగా ఉన్న కుర్రవాళ్లు వేగంగా ఎక్కేసి ఎక్కువగా ఇబ్బంది పడటం మామూలే. కాబట్టి "అబ్బాయి వయసువాడికి అసలే కాదు" అన్న సాహసి గారి మాటను నేను ఒప్పుకోను.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, తల తిరగడం, విపరీతమైన అలసట, ఇవి మొదటి సూచనలు. ఎక్కిన కొన్ని గంటలకు, తరచుగా ఆరు నుంచి పన్నెండు గంటల మధ్య బయటపడతాయి. ఈ లెక్కన ఎత్తుకు వెళ్లి అదే రోజు కిందికి దిగి నిద్రపోయేవారికి ప్రమాదం తక్కువే, అందుకే రోజు నడక అన్న ఆలోచన చెడ్డది కాదు. కానీ పన్నెండు పధ్నాలుగు గంటలు శ్రమపడుతూ నడిచే దారిలో ఆ సూచనలు దారి మధ్యలోనే మొదలు కావచ్చు. కూర్చున్నా తగ్గని ఆయాసం, ఆగని దగ్గు, తాగినవాడిలా తూలడం, పొంతన లేని మాటలు కనిపిస్తే మాత్రం ఒక్క నిమిషం ఆలోచించకూడదు, వెంటనే దిగడమే చికిత్స. చికా దాటాక ఫోన్ సిగ్నల్ ఉండదు, మోసుకెళ్లడానికి నలుగురు మనుషులు కావాలి. దిగడమే చికిత్స అయిన జబ్బుకు, త్వరగా దిగలేని చోట ఇరుక్కోవడం కంటే పెద్ద ముప్పు లేదు.

రక్తపోటు అదుపులో ఉన్నవాళ్లు కొండలకు వెళ్లవచ్చు. మాత్ర మానకూడదు. కొత్త ఎత్తులో మొదటి రోజుల్లో రక్తపోటు కొంత పెరుగుతుంది కాబట్టి బావమరిది గారు బయలుదేరే ముందు తమ వైద్యుడిని కలవడం తప్పనిసరి. ఆయన వాడేది మూత్రం ఎక్కువగా పోయించే రకం మాత్ర అయితే ఆ విషయం ప్రత్యేకంగా అడగాలి.

గాజువాక_రమణ

ఇంత ఓపికగా రాసినందుకు ఎత్తుపల్లాలు గారికి, డాక్టరు గారికి కృతజ్ఞతలు. నలుగురం కలిసి హంప్టా అన్న ఆలోచన మానుకుంటున్నాను. రెండు ప్రశ్నలు. ఒకటి, డయామాక్స్ వేసుకుంటే సమస్య తీరుతుందని ఆఫీసులో ఒకరు అన్నారు, నిజమేనా? రెండు, నలుగురం ఒక్క రోజులో నడిచి చేరగల కనుమ ఇంకేదైనా ఉందా? రోహ్తంగ్ అందరూ చెబుతున్నారు గానీ, కారులో వెళ్లి ఫోటో తీసుకొని దిగి రావడం నాకు ఇష్టం లేదు.

ఊపిరి_వైద్యుడు

డయామాక్స్, అంటే అసిటజోలమైడ్, శరీరం ఎత్తుకు సర్దుకోవడాన్ని త్వరపరుస్తుంది. ముందు జాగ్రత్తగా పెద్దలకు సాధారణంగా ఇచ్చేది 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి. వేళ్లలో తిమ్మిరి, మాటిమాటికీ మూత్రం రావడం మామూలే. సల్ఫా మందులు పడనివాళ్లు, రక్తపోటు, మూత్రపిండాల మందులు వాడేవాళ్లు వైద్యుడు చెప్పకుండా ముట్టుకోకూడదు. మందు ఉంది కదా అని మజిలీలు ఎగ్గొట్టకూడదు. మీరు ఎంచుకునే కనుమ 3,000 మీటర్ల చుట్టుపక్కల ఉండి, నిద్ర అంతకంటే కింద అయితే మీలో చాలామందికి దాని అవసరమే రాకపోవచ్చు.

రైలుబండి_మర్రిపాలెం

రోహ్తంగ్ 3,978 మీటర్లు. 2020 అక్టోబరు 3న అటల్ సొరంగం ప్రారంభమైన దగ్గర నుంచి కనుమ అవతలి లాహౌల్ లోయకు వెళ్లే బండ్లు ఆ 9.02 కిలోమీటర్ల సొరంగంలోంచే పోతున్నాయి. పైకి వెళ్లేది చూడటానికి వెళ్లేవాళ్లే. దానికి ముందుగా పర్మిట్ తీసుకోవాలి, రోజుకు ఇన్ని బండ్లని పరిమితి ఉంది. రమణ గారు కోరేది అది కాదు, వదిలేయండి.

లక్ష్మి_ఎంవీపీ

జలోరీ కనుమకు వెళ్లండి. సంకోచం లేకుండా చెబుతున్నాను.

కుల్లూ జిల్లాలోనే ఉంది, ఎత్తు 3,120 మీటర్లు. బియాస్ వైపు బంజార్ లోయకూ, సట్లెజ్ వైపు ఆనీ ప్రాంతానికీ మధ్య దాటే చోటు అది. మనాలీ నుంచి కాదు, మనాలీ వెళ్లే దారిలోనే ఔట్ అనే ఊరి దగ్గర పక్కకు తిరగాలి. ఔట్, బంజార్, జిభీ, షోజా, ఆ తర్వాత కనుమ. జిభీలో ఒక రాత్రి, షోజాలో ఒక రాత్రి ఉంటే శరీరం మెట్టు మెట్టుగా ఎత్తుకు అలవాటు పడుతుంది. షోజా నుంచి కనుమ సుమారు ఐదు కిలోమీటర్లు. చాలామంది కారులో పైదాకా వెళ్తారు. మీరు షోజాలోనే కారు వదిలేసి నడవండి. పక్కనంతా దేవదారు అడవి, పొద్దున ఎనిమిది లోపల బండ్లు తక్కువ.

పైకి చేరాక రెండు దారులు ఉన్నాయి. తూర్పు వైపు ఐదు కిలోమీటర్లు నడిస్తే సెరోల్సర్ సరస్సు. దారి దాదాపు సమంగా, ఖర్సూ అనే సింధూర (ఓక్) జాతి చెట్ల నీడలో సాగుతుంది. కొమ్మల నిండా నాచు వేలాడుతూ ఉంటుంది, కాలి కింద రాలిన ఆకులు మెత్తగా అణుగుతాయి. సరస్సు ఒడ్డున బూఢీ నాగిన్ అమ్మవారి గుడి ఉంది. అక్కడివాళ్లు ఆవు ఈనితే మొదటి నెయ్యి తెచ్చి అమ్మవారికి సమర్పిస్తారు. నీటి మీద ఆకు పడితే ఒక చిన్న పిట్ట వచ్చి ముక్కుతో తీసేస్తుందని వాళ్ల నమ్మకం. నేను వెళ్లిన రోజు ఒక పెద్దావిడ సత్తుగిన్నెలో నెయ్యి పట్టుకొని, గుడ్డ కప్పి, అంత దూరమూ చెప్పులతోనే మా ముందు నడిచింది. ఎక్కడా ఆగలేదు.

పడమర వైపు దారి రఘుపుర్ కోటకు. సుమారు మూడు కిలోమీటర్లే గానీ ఎక్కుడు. చెట్ల వరుస దాటగానే పచ్చిక మైదానం తెరుచుకుంటుంది, శిథిలమైన కోట గోడలు ఉంటాయి, ఆకాశం తేటగా ఉంటే ఉత్తరాన మంచు శిఖరాల వరుస మొత్తం కనిపిస్తుంది. రమణ గారు కోరుకున్న దృశ్యం సరస్సు దగ్గర కాదు, ఇక్కడ ఉంది.

సీతమ్మధార_సాహసి

లక్ష్మి గారూ, జలోరీ మీద జాతీయ రహదారి పోతుంది, పైన టీ కొట్లు, మ్యాగీ కొట్లు, సెలవు రోజుల్లో కార్ల బారులు. అసలైన కనుమ అని ఆశపడి వెళ్లిన మనిషి అక్కడ హారన్లు వింటూ నిలబడాలా? నలుగురూ వెళ్లలేకపోతే కనీసం హంప్టా లోయలోకి ఒక రోజు వెళ్లి రావడం మేలు. జోబ్రాలో ఉదయం ఆరుకు బయలుదేరి, చికా దాటి జ్వారా దాకా నడిచి, మధ్యాహ్నం ఒంటి గంటకు ఎక్కడ ఉంటే అక్కడ వెనక్కి తిరగాలి. కనుమ మీద నిలబడకపోవచ్చు. కానీ చెట్లు ఆగిపోయే చోటు, రెండు వైపులా జారిపడే జలపాతాలు, గొర్రెల మందలు, ఇవన్నీ జలోరీలో దొరకవు.

లక్ష్మి_ఎంవీపీ

టీ కొట్లు ఉన్నమాట నిజం, వాటివల్ల మేలూ ఉంది. రక్తపోటు ఉన్న మనిషికి నలత చేస్తే పది నిమిషాల్లో బండి దొరుకుతుంది. కొట్ల దగ్గర నుంచి రఘుపుర్ వైపు అరగంట నడిస్తే హారన్లు వినిపించవు. శని, ఆదివారాలు తప్పించి వెళ్తే చాలు. రమణ గారు కనుమ మీద నిలబడాలని అన్నారు. జ్వారాలో నిలబడితే కనుమ ఇంకా గంటల దూరంలోనే ఉంటుంది.

ఎత్తుపల్లాలు

ఇద్దరి మాటలోనూ సత్తువ ఉంది. ముందు జలోరీ, రఘుపుర్. ఆ రెండు మూడు రాత్రులతో శరీరం కుదుటపడ్డాక, మనాలీలో ఉన్నప్పుడు ఓపిక ఉన్నవాళ్లు మాత్రమే జోబ్రా నుంచి చికా దాకా. ఈ వరుస తారుమారు చేయకండి. సాహసి గారు చెప్పిన ఒంటి గంట నియమం చాలా విలువైనది. రఘుపుర్‌కైనా చికాకైనా అదే పాటించండి. శిఖరం పావుగంట దూరంలో కనిపిస్తున్నా గడియారం ఒంటి గంట చూపిస్తే తిరిగిపోవాలని నలుగురూ ముందే ఒప్పుకోవాలి. అప్పటికప్పుడు చర్చ పెట్టుకుంటే ముందుకు పోదామనేవాళ్లే గెలుస్తారు.

రైలుబండి_మర్రిపాలెం

ప్రయాణం సంగతి. ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, అక్కడ కశ్మీరీ గేట్ బస్టాండు నుంచి మనాలీ వెళ్లే రాత్రి బస్సు. మనాలీ దాకా టికెట్ తీసుకున్నా ఔట్ దగ్గర దింపమని ముందే చెప్పాలి. బస్సు ఔట్‌కు తెల్లవారుజామునే చేరుతుంది. ఔట్ దగ్గరి సొరంగానికి ఏ వైపు దిగాలో కండక్టరును అడిగి ఉంచుకోండి, బంజార్ వైపు మలుపు సొరంగంలోకి వెళ్లకముందే ఉంటుంది. అక్కడి నుంచి జిభీకి బస్సులు, టాక్సీలు దొరుకుతాయి. విమానంలో వెళ్లాలనుకుంటే భుంతర్ విమానాశ్రయం దగ్గరే గానీ, లోయలో మబ్బు పట్టితే విమానాలు రద్దవుతాయి. తిరుగు ప్రయాణంలో ఢిల్లీలో ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. 2023 జులైలో బియాస్ పొంగి కుల్లూ మనాలీ రహదారి కొట్టుకుపోయినప్పుడు ఎంతమంది లోపల చిక్కుకుపోయారో పేపర్లలో చదివే ఉంటారు.

గాజువాక_రమణ

సెప్టెంబరు చివర వానలు ఉంటాయా? టికెట్లు ఇంకా తీసుకోలేదు, అవసరమైతే తేదీలు జరుపుకుంటాము.

ఎత్తుపల్లాలు

నైరుతి రుతుపవనాలు వాయవ్య భారతం నుంచి వెనక్కి మళ్లడం సాధారణంగా సెప్టెంబరు 17 ప్రాంతంలో మొదలవుతుంది. హిమాచల్ నుంచి వెళ్లేసరికి ఆ నెల చివరి వారం వస్తుంది. ఒక్కో సంవత్సరం ఆలస్యమవుతుంది కూడా. అక్టోబరు మొదటి వారానికి జరిపితే ఆకాశం తేటగా ఉండే అవకాశం ఎక్కువ, దారులు ఆరి ఉంటాయి, వాగుల్లో నీరూ తగ్గుతుంది. అయితే దసరా చూసుకోండి. కుల్లూ దసరా మన విజయదశమి నాడు మొదలై వారం రోజులు జరుగుతుంది. లోయలోని గ్రామదేవతలందరినీ పల్లకీల్లో ధాల్పుర్ మైదానానికి తెస్తారు. చూడవలసిన ఉత్సవమే గానీ, ఆ రోజుల్లో గదులు దొరకడం కష్టం.

మధురవాడ_మాధవి

రమణ గారి భార్య తరఫున కొన్ని మాటలు నేను రాస్తాను, ఇంతవరకూ ఎవరూ రాయలేదు. మన ఊరి చలికోట్లను నమ్ముకోవద్దు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, పైన గాలి తోడవుతుంది. ఒక మందపాటి స్వెట్టరుకు బదులు పలుచని పొరలు మూడు: చెమట పీల్చే చొక్కా, ఉన్ని లేదా ఫ్లీస్, పైన గాలి, వాన ఆపే జాకెట్. ఎక్కేటప్పుడు విప్పాలి, ఆగిన మరుక్షణం వేసుకోవాలి. చెమటతో తడిసిన నూలు బట్ట చలిగాలికి ఒంటికి అంటుకుంటే వణుకు ఆగదు. చీర, చుడీదార్ దుపట్టా రాళ్ల దారిలో కాళ్లకు అడ్డం పడతాయి. నలుపు కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ కచ్చితంగా ఉండాలి. వెయ్యి మీటర్లు ఎక్కేకొద్దీ అతినీలలోహిత కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి, చల్లగా ఉంది కాబట్టి ఎండ తగలడం తెలియదు.

మరుగుదొడ్డి షోజాలో వదిలితే కనుమ మీద కొట్ల దగ్గరే, ఆ తర్వాత లేదు. దానికి భయపడి ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, తలనొప్పి మొదలయ్యేది అక్కడే. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, కాగితం, చేతులు శుభ్రం చేసుకునే ద్రవం, వాడినవి తిరిగి తేవడానికి మూత ఉన్న సంచి పెట్టుకోండి. నెలసరి తేదీలు దగ్గరగా ఉంటే సరంజామా తప్పకుండా వెంట ఉండాలి, కొండ మీద కొట్లలో దొరకవు.

కంబాలకొండ_నడక

సాధన గురించి. మీకు ఇంకా వారాలు ఉన్నాయి. సింహాచలం మెట్లు వారానికి మూడు సార్లు ఎక్కి దిగండి, దిగడాన్ని తేలికగా తీసుకోవద్దు, మోకాళ్లు పట్టేసేది దిగేటప్పుడే. వెళ్లేటప్పుడు మోయబోయే సంచీని అంతే బరువుతో భుజాన వేసుకోండి. ఆదివారాలు కంబాలకొండ అడవి దారుల్లో మూడు నాలుగు గంటలు నడవండి, మట్టి, వేళ్లు, రాళ్లు అలవాటవుతాయి. ఒకసారి అనంతగిరి వైపు వెళ్లి పూర్తి రోజు నడక పెట్టుకోండి. కొత్త బూట్లు ఈ సాధనలోనే అరగాలి. కొత్త బూట్లతో కనుమ ఎక్కినవాడి మడమలు మధ్యాహ్నానికే బొబ్బలెక్కుతాయి. నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత వేగమే మీ వేగం. మాట తెగిపోతే వేగం తగ్గించండి.

పెదవాల్తేరు_ప్రసాద్

తిండి ఏం తీసుకెళ్లాలి? నేనూ ఈ దారే ఆలోచిస్తున్నాను.

మధురవాడ_మాధవి

ఎత్తులో ఆకలి మందగిస్తుంది కాబట్టి నోటికి అలవాటైన రుచే తీసుకెళ్లాలి. చింతపండు పులిహోర ఆ చలిలో రోజంతా పాడవదు. పల్లీపట్టీలు, నువ్వుండలు, ఖర్జూరం జేబులో ఉంచుకొని గంటకోసారి కొంచెం తినాలి. జిభీ, షోజా ఇళ్లలో సిడ్డూ అడగండి. పులిసిన గోధుమపిండిలో కూరు పెట్టి ఆవిరి మీద ఉడికించి, పైన నెయ్యి పోసి ఇస్తారు. నడకకు ముందు రాత్రి అది కడుపు నిండా తింటే మంచిది.

గాజువాక_రమణ

ఇంట్లో అందరం కూర్చొని మాట్లాడుకున్నాము. అక్టోబరు మొదట్లో బయలుదేరి, ఔట్‌లో దిగి, మొదటి రాత్రి జిభీ, రెండో రాత్రి షోజా. మర్నాడు ఉదయం ఆరున్నరకు షోజా నుంచి నడక మొదలుపెట్టి, కనుమ మీద టీ తాగి, రఘుపుర్. ఒంటి గంటకు ఎక్కడున్నా వెనక్కి. బావమరిది కనుమ దాకా వచ్చి, ఒంట్లో బాగుంటే ముందుకు వస్తాడు, లేకపోతే నా భార్యతో కలిసి సెరోల్సర్ దారిలో వీలైనంత దూరం నడిచి వస్తాడు. ఆ రాత్రి కూడా షోజాలోనే నిద్ర. తర్వాత మనాలీ, అక్కడ నేనూ మా అబ్బాయీ ఒక స్థానిక గైడుతో చికా దాకా. ఇవన్నీ కలిపితే అందరికీ సరిపోతోంది. ఇందులో ఏదైనా సవరించాలా?

ఊపిరి_వైద్యుడు

బాగుంది. ఒక్క సవరణ. జట్టు విడిపోతున్నప్పుడు ఎవరి మందులు వారి దగ్గరే ఉండాలి, బావమరిది గారి మాత్రలు మీ సంచిలో పెట్టుకొని మీరు రఘుపుర్ ఎక్కకూడదు. ఎవరికైనా తలనొప్పి మొదలైతే ఆ విషయం చెప్పడానికి సిగ్గుపడకూడదని మీ అబ్బాయికి ప్రత్యేకంగా చెప్పండి, మీ ముందు దాచేది అతడే. వేలికి పెట్టి చూసే ఆక్సీమీటరు తీసుకెళ్తే మంచిదే, కానీ చల్లబడిన వేళ్ల మీద తప్పు అంకెలు చూపిస్తుంది. అంకె కంటే మనిషి నడక, మాట, ముఖం చూడండి.

ఎత్తుపల్లాలు

రెండు జట్లకూ కలిసే చోటు, సమయం ముందే ఖాయం చేసుకోండి. కనుమ మీద జలోరీ మాత గుడి దగ్గర, మధ్యాహ్నం మూడున్నర. ఫోన్ల మీద ఆధారపడొద్దు. ఎటు వెళ్తున్నారో షోజాలో బస ఇచ్చినవాళ్లకు చెప్పి బయలుదేరండి. అక్టోబరులో సాయంత్రం ఆరు దాటగానే పొద్దు గుంకుతుంది, అడవి దారిలో అంతకు ముందే చీకటి కమ్ముతుంది కాబట్టి మనిషికొక తలదీపం ఉండాలి.

సీతమ్మధార_సాహసి

చికాకు గైడుతో వెళ్లడం మంచి నిర్ణయం. ముందు రోజు రాత్రి వాన పడితే జోబ్రా రోడ్డు మీద రాళ్లు జారుతాయి, బయలుదేరే ముందు టాక్సీ యూనియన్ దగ్గర దారి తెరిచి ఉందో లేదో కనుక్కోండి. మూసి ఉంటే ఆ రోజు పాత మనాలీ నుంచి అడవి దారుల్లో నడవండి, రోజు వృథా కాదు.

గాజువాక_రమణ

నా భార్యకు దిగేటప్పుడు కుడి మోకాలు నొప్పి చేస్తుంది. చేతికర్ర ఒకటి కొనాలా, రెండా?

కంబాలకొండ_నడక

రెండు. ఎక్కేటప్పుడు పొడవు తగ్గించి, దిగేటప్పుడు కొంచెం పెంచి పట్టుకోవాలి, కర్ర ముందు ఆన్చి తర్వాతే అడుగు వేయాలి. ఇప్పుడే కొని సింహాచలం మెట్ల మీద సాధన చేయించండి. అక్కడ కొత్తగా నేర్చుకుంటే కర్రలే కాళ్లకు అడ్డం పడతాయి.